క్రేను మనిషి తిండి లెక్క

మార్చి 5, మంగళవారం

తమ్ముడూ,

నిన్న ఫోనులో మనం పదకొండు నిమిషాలు మాట్లాడుకున్నాం. అందులో నువ్వు "ఊఁ" అన్నావు, "చూద్దాంలే" అన్నావు, ఒకసారి దగ్గావు. మిగతాదంతా నేనే. పెట్టేశాక మీ బావ "ఎవరితో మాట్లాడావు, గోడతోనా?" అని అడిగాడు. అందుకే ఈ ఉత్తరం. చిన్నప్పటి నుంచీ కాగితం మీదైతేనే నువ్వు నాలుగు మాటలు చెబుతావు.

సంగతంతా మరదలు చెప్పింది. జనవరిలో క్రేను దిగుతుంటే కళ్లు తిరిగి నిచ్చెన మధ్యలో ఆగిపోయావట. కంపెనీ డాక్టరు చూసి బరువు తొంభై నాలుగు, పరగడుపు చక్కెర రెండు వందల పది అని రాశాడట. మే ఇరవైకల్లా బరువు ఎనభై అయిదుకీ, చక్కెర నూట ముప్పైకీ దిగకపోతే నిన్ను ఇక కేబిను ఎక్కనివ్వరట. ఇంత జరిగినా నాకు ఒక్క ముక్క చెప్పలేదు నువ్వు.

ఇరవై ఆరేళ్లు ఆ సీట్లో కూర్చున్నవాడివి. కింద గేటు దగ్గర చీటీలు చింపుతూ బతకమంటే నువ్వు బతకలేవు. అది నాకూ తెలుసు, మరదలికీ తెలుసు.

ఆసుపత్రి వంటగదిలో రోజుకి రెండు వందల పళ్లేలు తూచి పంపేదాన్ని, సొంత తమ్ముడి పళ్లెం సంగతి చూడలేనా. నేను చెప్పేది ఒక్కటే. ఒక పుస్తకం పెట్టు. నోట్లోకి వెళ్లేదంతా రాయి. టీలో వేసుకున్న చెంచా చక్కెర కూడా. ప్రతి ఆదివారం బరువు చూసుకుని, వారం లెక్క నకలు తీసి నాకు పంపు. ఫోనులో ఫొటో తీసి పంపకు, నా కళ్లకు ఆనదు. నువ్వు రోజూ లెక్కలు రాసే మనిషివేగా, ఇది నీకు కష్టం కాదు.

మాత్ర వేసుకున్నాక తిండి మానకు. ఇది మాత్రం గోడకి రాసి పెట్టుకో.

మీ అక్క


మార్చి 17, ఆదివారం

అక్కకు,

ఉత్తరం అందింది. పుస్తకం కొన్నాను. నూట ఇరవై పేజీలది, గట్టి అట్ట. పదో తారీకున మొదలుపెట్టాను. ఈ వారం లెక్క విడిగా కాగితం మీద రాసి జతచేశాను.

ఉదాహరణకి సోమవారం. ఉదయం అయిదింటికి రెండు రొట్టెలు, ఉడికించిన గుడ్డు, చక్కెర లేని టీ. పదకొండింటికి బాక్సు: ఒక కప్పు అన్నం, చిక్కుళ్లు, పెరుగు. మూడింటికి ఒక ఆపిల్. రాత్రి ఏడింటికి కూరగాయల సూపు, రెండు రొట్టెలు. మిగతా రోజులూ కొంచెం అటూ ఇటూగా ఇంతే. బరువు తొంభై మూడున్నర.

మా యార్డులో రిజిస్టరు ఎలా పెడతామో దీన్నీ అలాగే పెడుతున్నాను. మా దగ్గర ఏ బరువు ఎత్తాలన్నా రిజిస్టరులో ఎక్కాకే ఎత్తాలి. కొట్టివేతలు ఉండకూడదు. ఉంటే పక్కన సూపర్‌వైజరు సంతకం ఉండాలి. ఇరవై ఆరేళ్లలో నా పేజీల్లో అలాంటి సంతకాలు మూడే.

బాక్సు పైకి తీసుకెళ్లి కేబినులోనే తింటాను. ఎనభై నాలుగు మెట్లు దిగి మళ్లీ ఎక్కే టైము ఉండదు. పైన మూడు వైపులా అద్దాలు, కాళ్ల కింద కూడా అద్దం. తింటూ కిందికి చూస్తే మనుషుల నెత్తిన టోపీలే కనిపిస్తాయి. పసుపు టోపీ మా ఈలది. పేరుతో అతన్నెవరూ పిలవరు. కింద నిలబడి చేత్తో, ఈలతో నాకు సైగలు చేసేది అతనే. పైనుంచి నాకు కొక్కెం కింద ఏముందో సరిగ్గా కనిపించదు. అతను ఎత్తమంటే ఎత్తుతాను, ఆపమంటే ఆపుతాను. పద్నాలుగేళ్లుగా ఇంతే.

బావని అడిగానని చెప్పు. నీ మోకాలు ఎలా ఉంది? నువ్వేం తింటున్నావో రాయలేదు.

తమ్ముడు


మార్చి 23

తమ్ముడూ,

నీ లెక్క చదివాను. రెండుసార్లు చదివాను. మా వంటగదిలో గోడకి అంటించాలనిపించేంత శుభ్రంగా ఉంది. చిక్కుళ్లు మానకు. అన్నం కప్పు ఏ సైజుదో రాయి. కప్పు అంటే ఒక్కొక్కరింట్లో ఒక్కో సైజు.

మా ఏడో వార్డులో ఒక పెద్దాయన ఉన్నాడు, రిటైరైన లెక్కల మాస్టారు. చక్కెర దిగి చావడం లేదు. ఆయన పళ్లెం నేనే తూచి పంపుతాను, అందులో తప్పులేదు. చివరికి మొన్న కళ్లజోడు పెట్టెలో చక్కెర బిళ్లలు దొరికాయి. "ఇవేంటి మాస్టారూ?" అంటే, "మీ లెక్కలో లేనివి" అన్నాడు తొణక్కుండా. నీ కళ్లజోడు పెట్టె చూడమని మరదలికి చెప్పాను. కోపం తెచ్చుకోకు.

నేనేం తింటున్నానా? గరిటెతో రుచి చూసిందంతా కలిపితే ఒక పూట భోజనం అవుతుంది. నా సంగతి వదిలెయ్.

వారానికి కిలో చొప్పున తగ్గితే చాలు. తొందరపడకు. తొందరపడినవాళ్లని రోజూ చూస్తున్నాను ఇక్కడ.

అక్క


ఏప్రిల్ 14, ఆదివారం

అక్కకు,

నెల లెక్కంతా జతచేశాను. ఆలస్యమైంది, పనెక్కువ. ఓడ సరుకు వచ్చింది. రోజుకి అరవై, డెబ్భైసార్లు బరువు ఎత్తుతున్నాను, లిఫ్టులంటాం వాటిని.

ఆదివారం బరువులు వరసగా: తొంభై రెండున్నర, తొంభైన్నర, ఎనభై ఎనిమిది, ఈ రోజు ఎనభై ఆరు. చక్కెర మొన్న నూట నలభై ఒకటి. ఇంకో కిలో, ఇంకో పదకొండు పాయింట్లు తగ్గితే చాలు. నువ్వు రాయమన్న పుస్తకం వల్లే ఇదంతా.

యార్డులో అందరూ గమనిస్తున్నారు. నా బెల్టు రెండు బెజ్జాలు బిగిసింది. ఈల బెల్టు మాత్రం ఒక బెజ్జం వదులైంది. "నీ దగ్గర పోయిందంతా నా దగ్గరికే వచ్చిందిరా" అని నవ్వుతాడు.

నీ మరదలు నాకు చిరాకెక్కువైందని నీకు ఫోనులో చెప్పిందట. నిజమే కావచ్చు. గ్లాసు పగిలితే అరిచాను. పగలగొట్టింది నేనే.

అన్నం కప్పు స్టీలుది, నీళ్లు పోసి కొలిస్తే రెండు వందల మిల్లీలీటర్లు.

తమ్ముడు


ఏప్రిల్ 19

తమ్ముడూ,

నీ ఉత్తరం చూసి మొదట సంతోషపడ్డాను. తర్వాత కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. నీ అంకెలన్నీ రెండుసార్లు కూడి చూశాను. నమ్మకం కుదరక మా డైట్ మేడమ్‌కి చూపించాను. ఆవిడా కూడి చూసింది.

మొదటి రెండు వారాలు నువ్వు తిన్నదానికీ, తగ్గినదానికీ పొంతన కుదిరింది. మూడో వారం నుంచి కుదరడం లేదు. తిండి అదే. రొట్టెలు అవే, అన్నం అదే, కప్పు కూడా అదే. బరువు మాత్రం వారానికి రెండు కిలోలు, రెండున్నర పడిపోతోంది. ఈ తిండి తిన్న మనిషి అలా తగ్గడు. మేడమ్ నీ కాగితాలు మడిచి, "మీ తమ్ముడు ఇది తినడం లేదైనా అయ్యుండాలి, లేకపోతే తిన్నది ఒంటికి పట్టడం లేదైనా అయ్యుండాలి" అంది.

అడుగుతున్నానని ఏమీ అనుకోకు. రాసిందంతా తింటున్నావా?

చేతులు వణుకుతున్నాయా? చెమటలు పడుతున్నాయా? దాచకుండా రాయి. నువ్వు కూర్చునేది కుర్చీలో కాదు, ఆకాశంలో. నీ కొక్కెం కింద మనుషులు తిరుగుతారు.

అక్క


ఏప్రిల్ 25

అక్కకు,

ఉత్తరం అందింది.

నా లెక్కని నువ్వు ఇంకొకరికి చూపిస్తావని అనుకోలేదు. నీకోసం రాసినది అది.

పుస్తకం దొంగ పుస్తకం కాదు. మొదటి పేజీ నుంచి చివరి దాకా ఒక్క కొట్టివేత లేదు. కావాలంటే పుస్తకమే పంపుతాను, మేడమ్‌ని భూతద్దం పెట్టి చూసుకోమను. కళ్లజోడు పెట్టెలు వెతికించుకునే వయసు కాదు నాది. యాభై రెండేళ్లు.

తగ్గమన్నారు, తగ్గుతున్నాను. అందరూ సంతోషించాల్సిన విషయం ఇది.

ఈ వారం లెక్క జతచేశాను. బరువు ఎనభై అయిదున్నర.

తమ్ముడు


మే 1

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి మీ బావ నన్నే తిట్టాడు. "వాడు అబద్ధం చెప్పే మనిషా? ఎనిమిదో ఏట పక్కింటి కిటికీ పగలగొట్టి, తనే పగలగొట్టానని వాళ్లింటికెళ్లి చెప్పొచ్చినవాడు" అన్నాడు. సరే. నమ్మాను. నీ పుస్తకం నిజం.

నమ్మాకే అసలు భయం పట్టుకుంది నాకు. తింటూ ఉండి కూడా మనిషి ఇలా కరిగిపోతున్నాడంటే లోపల ఏదో ఉందన్నమాట. నాన్న గుర్తున్నాడా నీకు? ఆ ఏడు చొక్కా మెడ వదులైతే మనమంతా మురిసిపోయాం, వయసు కుర్రాడిలా ఉన్నాడని. అమ్మ ఆ చొక్కాలన్నీ కుట్టి చిన్నవి చేసింది. ఆరు నెలలు కూడా తొడుక్కోలేదు వాటిని. నాన్న కూడా నీలాగే "బాగానే ఉంది" అనేవాడు.

ఆదివారం నిన్ను స్కానింగుకి తీసుకెళ్లమని మరదలికి చెప్పాను. మా ఆసుపత్రి పెద్ద డాక్టరు చీటీ రాసిచ్చారు, దీనితో పంపుతున్నాను. మారు మాట్లాడకుండా వెళ్లు. నా మీద కోపం ఉంటే పరీక్ష అయ్యాక తీర్చుకో.

నాకు పొద్దున్నే వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతుంటే కూడా నీ బరువే గుర్తొస్తోంది. పక్కనవాళ్లు ఉల్లిపాయల వల్లే అనుకున్నారు.

అక్క


మే 6

అక్కకు,

స్కానింగుకి వెళ్లలేదు. వెళ్లను.

బయట ఎక్కడ పరీక్ష చేయించుకున్నా ఆ కాగితం కంపెనీ డాక్టరు ముందు పెట్టాలి. రూలు. మే ఇరవైకి పద్నాలుగు రోజులుంది. ఈ లోపల "అనుమానం" అనే మాట ఏ కాగితం మీదైనా పడితే చాలు, నన్ను దించేస్తారు. నువ్వు తెలియక చేస్తున్నావో, తెలిసి చేస్తున్నావో గానీ నా సీటు కింద గొయ్యి తవ్వుతున్నావు.

నీ మరదలు చీటీ చేత్తో పట్టుకుని ఆదివారమంతా ఏడుస్తూ కూర్చుంది. ఇంటి నిండా నాన్న జబ్బు తెచ్చి పెట్టావు. నాకేమీ లేదు. నాకు ఏముందో నాకు తెలుసు.

ఇకనుంచి వారం లెక్క పంపను. పుస్తకం రాస్తున్నాను, అది నా దగ్గరే ఉంటుంది. ఇరవయ్యో తారీకు దాటాక రాస్తాను. అప్పటిదాకా నువ్వు కూడా రాయకు.

తమ్ముడు


మే 21

అక్కకు,

పరీక్ష అయింది. పాసయ్యాను. బరువు ఎనభై రెండు. పరగడుపు చక్కెర నూట పన్నెండు. డాక్టరు చేయి కలిపి, "మీలాంటి పేషెంటుని చూడలేదు" అన్నాడు. సంవత్సరానికి సర్టిఫికెట్టు ఇచ్చాడు.

పోయిన మంగళవారం యార్డులో ఒక ప్రమాదం జరిగింది. పైపుల కట్ట ఊగి ఈల కాలికి తగిలింది. మడమ దగ్గర రెండుచోట్ల విరిగింది. గాలి వల్ల అని రిపోర్టు రాశారు. ఆసుపత్రిలో ఉన్నాడు. నేను ఇంకా వెళ్లలేదు. పనెక్కువ.

స్కానింగు గురించి కటువుగా రాశాను. మనసులో పెట్టుకోకు.

తమ్ముడు


మే 27

తమ్ముడూ,

నీ ఉత్తరమూ, మరదలి ఫోనూ ఒకే రోజు వచ్చాయి. ఉత్తరం పొద్దున, ఫోను సాయంత్రం. సాయంత్రం ఫోను విన్నాక పొద్దుటి ఉత్తరం మళ్లీ చదివాను.

నువ్వు వెళ్లలేదు కాబట్టి మరదలు వెళ్లింది, ఆ ఈలాయన్ని చూడటానికి. పళ్లు తీసుకెళ్లిందట. ఆయన కాలు పైకి కట్టి ఉంది, మొహం పీక్కుపోయి ఉంది. మరదల్ని చూడగానే లేవబోయాడట. "కూర్చోండి, ఇక్కడ తిండి ఎలా ఉంది?" అని అడిగితే ఏమన్నాడో తెలుసా?

"ఏడు వారాలు మీ చేతి వంట తిన్నాను కదమ్మా, ఇక్కడిది గొంతు దిగడం లేదు. ఆ చిక్కుళ్లు ఎలా వండుతారోగానీ."

మరదలికి ముందు అర్థం కాలేదు. "మీకు చిక్కుళ్లు ఎప్పుడు పెట్టాను అన్నయ్యా?" అంది. ఆయన మొహం అప్పుడు మారిపోయిందట. "రోజూ తాడు కట్టి పైనుంచి కిందికి దింపేవాడు. ఇంట్లో ఎక్కువ పెడుతున్నారు, పారేయలేను, నువ్వు తినెయ్ అనేవాడు. మీకు తెలుసనుకున్నానమ్మా" అన్నాడట.

మరదలు నాకు ఫోను చేసి ఒకే మాట చెబుతూ ఉంది: "నేను పెట్టిన బాక్సు వదినా, నేను పెట్టిన బాక్సు."

నా తమ్ముడు ప్రతి ఆదివారం నాకు అబద్ధం రాసి, తపాలా బిళ్ల అంటించి పంపాడు. నేను దాన్ని నమ్మి, లేని జబ్బుకి మూడు వారాలు ఏడ్చాను. అది నాకూ నీకూ మధ్య. అది తర్వాత చూసుకుందాం.

ఇప్పుడు ఒక్కటే అడుగుతున్నాను. ఆ మంగళవారం నీ కడుపులో ఏముంది? మాత్ర వేసుకున్నావు. ఆపైన ఏం తిన్నావు? ఆ రోజు గాలి వీచిందా, లేదా?

చెప్పాల్సింది నాకు కాదు. మీ సూపర్‌వైజరుకి చెప్పు, కాలు విరిగినాయనకి చెప్పు. వచ్చే సోమవారంలోపు నువ్వు చెప్పకపోతే నేనే మీ ఆఫీసుకి రాస్తాను. ఆ తర్వాత నువ్వు నా గుమ్మం తొక్కకపోయినా సరే. నీ మొహం చూడకుండా బతకగలను. రేపు ఎవరి నెత్తినో ఆ పైపులు పడ్డాక బతకలేను.

నువ్వు ముందు ఏదైనా తిని, తర్వాత కావాలంటే ఈ ఉత్తరం చింపెయ్.

అక్క


జూన్ 3, సోమవారం

అక్కా,

నీ ఉత్తరం శుక్రవారం మూడింటికి అందింది. అడిగినవాటికి వరసగా జవాబు రాస్తాను.

ముందు పుస్తకం గురించి. ఇది సాకు అనుకుంటావేమో, అయినా చెప్పాలి. నేను తిన్నాక రాయలేదు. తెల్లవారుజామున నాలుగున్నరకి, ఆ రోజు తినబోయేది ముందే రాసి పెట్టుకునేవాణ్ణి. మా పనిలో ముందు రాసి తర్వాత ఎత్తుతాం. వేరే విధంగా పుస్తకం పెట్టొచ్చని నాకు తట్టనే లేదు. నువ్వు చెప్పింది తిన్నది రాయమని. నేను రాసింది తినాల్సింది.

మొదటి రెండు వారాలు రాసినట్టే తిన్నాను. మూడో వారం ఒక రోజు పని ఆగలేదు, బాక్సు తెరవలేదు. పారేయడం ఇష్టంలేక ఈలకి దింపాను. తర్వాతి రోజు కూడా అలాగే. ఆ ఆదివారం బరువు చూస్తే రెండు కిలోలు తగ్గింది. ఆ అంకె చూసినప్పుడు కలిగిన ధైర్యం ఎలాంటిదో నీకు చెప్పలేను. మే ఇరవై దగ్గరికి వచ్చినట్టు అనిపించింది. ఆ తర్వాత నుంచి బాక్సు రోజూ కిందికే వెళ్లింది. రాత్రి సూపు కూడా సగం గిన్నెలోనే వదిలేసేవాణ్ణి. నీ మరదలు లాండ్రీలో పని ముగించుకుని పదింటికి వచ్చి, మిగిలిందంతా తన వాటా అనుకుని తినేది.

తెల్లవారి మళ్లీ పుస్తకం తెరిచి, బాక్సు: అన్నం ఒక కప్పు, చిక్కుళ్లు, పెరుగు అని రాసేవాణ్ణి. రాసేటప్పుడు ప్రతిరోజూ ఈ రోజు తింటాననే రాశాను. పదకొండింటికి తాడు కట్టేవాణ్ణి. నిన్నటి పంక్తి కొట్టేస్తే పక్కన సంతకం కావాలి. సంతకం పెట్టాల్సినదానివి నువ్వు. కొట్టివేతతో నీ ముందుకి రాలేకపోయాను. ప్లాను రాశాను, సరుకు ఎత్తలేదు, ఇందులో అబద్ధం ఎక్కడుంది అని నాకు నేను చెప్పుకున్నాను. నువ్వు సూటిగా అడిగినప్పుడు కూడా "తిన్నాను" అని రాయలేదు చూడు. కొట్టివేతలు లేవని రాశాను. ఆ మాట ఎంచుకుని రాసినప్పుడే నాకు తెలుసు.

ఇక ఆ మంగళవారం. మాత్ర వేసుకున్నాను. చక్కెర లేని టీ తాగాను. ఇంకేమీ లేదు. ముందు రోజు రాత్రి కూడా లేదు. పరీక్షకి ఆరు రోజులే ఉంది.

పన్నెండు దాటాక మూడో లిఫ్టు. పైపుల కట్ట నేల మీద నుంచి లేచింది. మెడ వెనక చెమట పట్టింది. తర్వాత కాళ్ల కింద అద్దం తెల్లగా అయిపోయింది, కాగితంలాగా. పసుపు టోపీ అందులో కనిపించలేదు. ఈల వినిపించింది కానీ పక్క యార్డులోది అనుకున్నాను. రెండోసారి వినిపించింది. ఆపమని అర్థం అది. నాకు అర్థమైంది కూడా. చేయి మాత్రం పిడి మీద అలాగే ఉండిపోయింది, నాది కానట్టు. ఎంతసేపో తెలియదు. చూపు తేరుకున్నాక కట్ట ఊగుతోంది, పసుపు టోపీ మనిషి సరుకు గుట్ట పక్కన కూర్చుని ఉన్నాడు. కూర్చున్నాడు అనుకున్నాను.

గాలి లేదు, అక్కా. జెండా కర్రకి అతుక్కుని ఉంది.

"గడువు పెట్టాను కాబట్టి చెప్పావా" అని అడుగుతావు. పెట్టకపోయినా చెప్పేవాణ్ణా అంటే, తెలియదు. చెప్పేవాణ్ణని రాయాలనుంది. తెలియదు.

శనివారం పొద్దున షిఫ్టుకి అరగంట ముందు సూపర్‌వైజరు గదికి వెళ్లాను. అతను సరుకు కాగితాలు చూస్తున్నాడు. గాలి కాదు సార్ అన్నాను.

"ఏది గాలి కాదు?"

"ఈల కాలు."

అతను తలుపు మూశాడు. "సర్టిఫికెట్టు నీ జేబులో ఉంది. రిపోర్టు పైకి వెళ్లిపోయింది. సంతకాలు అయిపోయాయి. ఇప్పుడు దేనికయ్యా కెలుకుతావు?"

"నాకు చూపు ఆనలేదు సార్. తిండి తినలేదు."

"ఒక్క పూట తినకపోతేనే?"

"ఏడు వారాలు."

అతను నా మొహం చూశాడు, తర్వాత నా బెల్టు చూశాడు. ఫారం ముందుకు లాక్కుని, "తిండి తినకపోవడం ఈ ఫారంలో ఏ గడిలో రాయమంటావు?" అన్నాడు. వెటకారం కాదది, నిజంగానే వెతుకుతున్నాడు. దొరకలేదు. వెనక ఖాళీ పేజీలో నన్నే రాయమన్నాడు. రాశాను. సర్టిఫికెట్టు బల్ల మీద పెట్టేశాను. ఆరు నెలల దాకా కేబిను ఎక్కనివ్వరు. ఆ తర్వాత కూడా మాట ఇవ్వలేనన్నాడు. వయసు చూస్తే ఇక ఎక్కనని నాకనిపిస్తోంది. ఈ వాక్యం రాయడానికి ఇప్పుడు చాలాసేపు పట్టింది.

అక్కడి నుంచి ఆసుపత్రికి వెళ్లాను. నీకు రాసినట్టే అతనికీ చెప్పాను. కాలి వైపు చూడకుండా చెప్పడం కుదరలేదు. మంచానికి అడ్డంగా ఆ కాలే ఉంది.

అతను పైకప్పు చూస్తూ విన్నాడు. తర్వాత అన్నాడు, "రెండుసార్లు వేశానురా ఈల. పద్నాలుగేళ్లలో నీకు రెండోసారి వేయాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు."

"వినిపించింది" అన్నాను.

"గాలి అని రాసుకుని సంతకం పెట్టమని వచ్చారు. పెట్టాను. ఎందుకు పెట్టానంటావ్?"

నేను స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.

"రోజూ బాక్సు దిగేది. ఖాళీ చేసి పైకి పంపేవాణ్ణి. నువ్వు సన్నబడటం నా కళ్లతో చూశాను. ఒక్కరోజు అడగలేదు, నువ్వేం తింటున్నావురా అని. బాగుంది కదా, తినేశాను."

నీ తప్పేముంది అన్నాను. "నోర్ముయ్, నాకు సర్ది చెప్పడానికి వచ్చావా?" అన్నాడు. అప్పుడు నాకు కొంచెం ఊపిరి ఆడింది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. మడమ అతుక్కున్నా మునుపటిలా నిలబడలేడని డాక్టరు చెప్పాడట. అది చెప్పి గోడ వైపు తిరిగాడు. నేను లేచి తలుపు దాకా వచ్చాక వెనక నుంచి అడిగాడు.

"పైకి ఎవరిని ఎక్కిస్తున్నారు?"

"రెండో యార్డు నుంచి ఒకతన్ని. ముప్పై ఏళ్లుంటాయి."

"తింటాడా?"

కనుక్కుంటాను అన్నాను.

ఈ రోజు నుంచి ఈల చోటులో నిలబడుతున్నది నేనే. వేరే మనిషి దొరికే దాకా అన్నాడు సూపర్‌వైజరు. కొత్తతను ఆరింటికి వచ్చాడు. చెవుల్లో ఏవో పాటలు పెట్టుకుని, నిచ్చెన రెండో మెట్టు మీద కాలు వేశాడు. పట్టుకుని ఆపాను.

"తిన్నావా?"

"ఏంటి సార్?"

"పొద్దున ఏం తిన్నావు?"

నాకు మతి చెడిందేమో అన్నట్టు చూశాడు. "టీ తాగాను. అయినా మీకెందుకు?"

"దిగు."

దిగలేదు. సూపర్‌వైజరుకి చెబుతానన్నాడు. చెప్పు, అప్పటిదాకా నేను ఈల వేయను, నువ్వు కొక్కెం కదపలేవు అన్నాను. తిట్టుకుంటూ దిగి, గేటు అవతల కొట్టుకి వెళ్లాడు. పదిహేను నిమిషాలు క్రేను ఊరికే నిలబడి ఉంది. లారీలు మూడు ఆగిపోయాయి, హారన్లు కొడుతున్నారు. సూపర్‌వైజరు కిటికీ తెరిచి, "ఏమైందయ్యా, క్రేను ఎందుకు కదల్లేదు?" అని అరిచాడు.

ఆపరేటరు తింటున్నాడు సార్ అన్నాను.

తమ్ముడు